పగటి వీధుల్లో సీసాలాయన

సీసాలాయనకు ఊళ్ళో ప్రతి గడపా తెలుసు. ఏ గడపకు ఏ రంగు వేశారో మాత్రం తెలియదు.

వినేవాళ్ళకు ఇది విచిత్రంగానే ఉంటుంది. కానీ ఆయన పని అలాంటిది. పాలకేంద్రంలో గాజు సీసాలు తోపుడుబండికి ఎత్తుకుని, చీకటి విడకముందే ఇంటింటి ముందూ పెట్టి, ఖాళీ సీసాలు ఏరుకుని, జనం ఆవులిస్తూ తలుపులు తీసేసరికి ఇల్లు చేరి ముసుగు తన్నేవాడు. మీసాలు మొలిచిన కొత్తలో పట్టిన పని, అవి నెరిసేదాకా వదల్లేదు. సీసాలు ఒకదానికొకటి తగిలి మోగకుండా మధ్యలో పాత గుడ్డలు దోపేవాడు. చక్రాలకు సైకిలు ట్యూబు ముక్కలు చుట్టాడు. "నేనొచ్చి వెళ్ళినట్టు పిల్లికి కూడా తెలియకూడదు" అన్నది ఆయన పంతం. మలుపులు పాదాలతో గుర్తుపట్టేవాడు. ఇక్కడ దారి కాస్త పల్లం, ఇక్కడ కాలవ మూత వదులు, ఇక్కడ రొట్టెల బట్టీ గోడ వెచ్చగా ఉంటుంది, ఇక్కడ ఆకులు. దీపం పట్టుకుని తిరగడం ఆయనకు నామోషీ.

ఈ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో పాలకేంద్రం వాళ్ళు వ్యాను కొన్నారు. సీసాలాయన ఇంట్లో కూర్చున్నాడు.

కూర్చున్నాడంటే, ఎక్కడ కూర్చోవాలో తెలియక ఇల్లంతా తిరిగాడు. ఆయన భార్య కాజాలు కుడుతుంది. చొక్కాల దుకాణం నుంచి మూటలు తెచ్చుకుని కిటికీ పక్కన మిషను ముందు కూర్చుంటే మళ్ళీ లేచేది పొద్దు వాలాకే. వీధిలో ఆమెను అందరూ కాజాలావిడ అనే అంటారు. ఇన్నేళ్ళూ ఆ ఆలుమగలు ఒకే ఇంట్లో రెండు ఊళ్ళలో ఉన్నట్టు కాపురం చేశారు. ఆమె మేలుకుంటే ఆయన నిద్ర, ఆయన బండి తీస్తే ఆమె నిద్ర. కలిసి మాట్లాడుకునేది రాత్రి భోజనం దగ్గరే, అదీ ఒకరు ఆవులిస్తూ, ఒకరు కళ్ళు నులుముకుంటూ.

"ఏమండీ, కాస్త పక్కకు జరగండి. నా వెలుగుకి అడ్డమొస్తున్నారు."

జరిగేవాడు. కాసేపటికి వెలుగే ఆయన జరిగిన చోటికి వచ్చేది.

"మళ్ళీ అడ్డం!"

"నేను కదల్లేదు కదే! అదే వచ్చి నా మీద పడింది."

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పొద్దు కదులుతుందని కూడా తెలీదా మీకు?"

నిజంగానే తెలియదు. అంటే వినికిడిగా తెలుసు గాని, సొంత ఇంట్లో, సొంత గోడ మీద ఎండ ఎలా నడుస్తుందో ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. పొద్దున్న అది గిన్నెల అరమీద ఉంటుంది. అక్కణ్ణుంచి దారపు కండెల డబ్బా మీదికి దిగుతుంది. మధ్యాహ్నం మంచం కోడు పట్టుకుని పాకుతుంది. సాయంత్రం అయ్యేసరికి తేనె రంగు తిరిగి ఎదురు గోడ మీద కిటికీ బొమ్మ గీస్తుంది. ఆయన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని దాన్నే చూశాడు. భార్య దారాన్ని ఎడమవైపు పళ్ళతో తెంపుతుందని చూశాడు. మిషనుతో మాట్లాడుతుందని కనిపెట్టాడు. "పద తల్లీ, ఇంకొక్కటి, ఇంకొక్కటే" అంటుంది దాన్ని. ఆయనతో ఎప్పుడూ అంత బతిమాలి మాట్లాడిన గుర్తు లేదు.

చూడ్డానికి బాగానే ఉంది గాని, ఒళ్ళు మాట వినలేదు. మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు, నడిజాము దాటితే మెలకువ. చీకట్లో వంటింట్లో గిన్నెలు సర్దబోయి కింద పడేసేవాడు. కాజాలావిడ ఉలిక్కిపడి లేచేది. మర్నాడు ఆమె కళ్ళు మండి, కాజా గీత దాటిపోయేది. పిల్లికి కూడా తెలియకుండా ఊరంతా తిరిగినవాడు, సొంత ఇంట్లో మాత్రం పెళ్ళాన్ని నిద్రపోనివ్వడం లేదు. ఆయనకు సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చాడు. ఆమె తమ్ముడు. కూరగాయల శీతలగిడ్డంగిలో మేస్త్రీ. కుర్చీ తిరగేసి కూర్చుని, టీ ఊదుకుంటూ చెప్పాడు.

"బావా, నీ జాతకం మారింది. మా గిడ్డంగిలో రాత్రి కాపలా మనిషి మానేశాడు. నీ పేరు చెప్పాను. చీకటి నీకు కొట్టిన పిండి. ఆదివారం వస్తా, ఊఁ అంటే సోమవారం నుంచి చేరిపోవడమే."

సీసాలాయన మొహం విప్పారింది. "మళ్ళీ రాత్రి పనా!" అన్నాడు. తప్పిపోయిన గొడ్డు తన కొట్టం వాసన పట్టినట్టుంది ఆ అనడం.

"అక్కా, నువ్వేమంటావు?"

కాజాలావిడ మిషను ఆపలేదు. "నేననేదేముంది? ఆయన ఇష్టం" అంది. కాని ఆ మాట తర్వాత మిషను చప్పుడు మారింది. కుట్టు కుట్టుకూ ఆగి ఆలోచించే మిషను ఒక్కసారిగా పరుగందుకుంది. సీసాలాయన చెవి చీకట్లో పదునెక్కిన చెవి. ఆ మార్పు పట్టుకుంది గాని, దాని అర్థం మాత్రం ఆయనకు అందలేదు. ఆమె మొహం చూశాడు. పగటిపూట ఆ మొహం చదవడం ఆయనకింకా అలవాటు కాలేదు.

మర్నాడు ఆమె దుకాణం నుంచి మూట తెచ్చింది. మూట ముడిలో ఒక ఆకు ఇరుక్కుని ఉంది. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు. అంచుల్లో గోధుమరంగు, నడుమ ఈనెల వెంట ఇంకా పచ్చ, మిగతాదంతా నిప్పు.

"ఇదెక్కడిది?" అన్నాడు.

"ఎక్కడిదేమిటి? బడి వెనక సందు మలుపులో చెట్టుది. మీరు రోజూ దానికిందే కదా నడిచారు!"

"అక్కడ చెట్టుంది. ఎర్రది కాదు."

"చూశారా?"

"చూడ్డమెందుకు, దాని ఆకులు తొక్కుకుంటూ నడిచాను ఇన్నేళ్ళూ." ఆకును చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో నలిపాడు. కరకరమంది. "విన్నావా? ఇది ఆ చెట్టు కానే కాదు. మలుపు చెట్టు ఆకు ఇలా కరకరలాడదు. మెత్తగా చప్ చప్ మంటుంది, తడి చెప్పుల్లా. బండి చక్రం జారేది కూడా. ఇది ఇంకేదో చెట్టు."

"తమరు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కాబోలు! నేను ఇప్పుడే దానికింద నిలబడి వచ్చాను."

"అయితే నువ్వు మలుపు తప్పుంటావు."

కాజాలావిడ సూది గుచ్చి, మిషను మీద గుడ్డ కప్పింది. మూట విప్పనైనా లేదు. "లేవండి" అంది. "చూసొద్దాం. ఎవరు మలుపు తప్పారో."

పనివేళ ఆమె మిషను మీద గుడ్డ కప్పడం ఆయన ఎన్నడూ చూడలేదు. చెప్పులు వెతుక్కున్నాడు.

ఇల్లు దాటి రెండు వీధులు నడిచారో లేదో, సీసాలాయన గుడ్డెద్దు చేలో పడ్డట్టు అయిపోయాడు. పగటి ఊరు వేరే ఊరు. గోడల మీద రంగులు, పైన ఆరేసిన బట్టలు, గుమ్మాల్లో మనుషులు, అడుగడుక్కీ సైకిళ్ళు. ఎటు చూసినా కన్ను ఏదో ఒకదానికి తగులుకుంటోంది, కాలు మాత్రం దారి మరిచిపోతోంది. వెచ్చటి గోడ కోసం చేయి చాపాడు. గోడ చల్లగా ఉంది. బట్టీ మధ్యాహ్నం ఆర్పేస్తారని ఆయనకేం తెలుసు!

"బట్టీ ఇక్కడుండాలే!"

"ఇక్కడే ఉందండీ. మీ ముక్కు ముందుంది."

ఆయన నడివీధిలో నిలబడి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. "చెయ్యి పట్టుకో. మనుషులు తగలకుండా చూడు చాలు. దారి నేను చూసుకుంటా."

వీధిలో మొగుడి చెయ్యి పట్టుకుని నడవడం ఆమెకు మొహమాటంగానే ఉంది. అయినా పట్టుకుంది. కళ్ళు మూశాక ఊరు మళ్ళీ ఆయన ఊరయింది. పల్లం వచ్చింది. కాలవ మూత ఠంగుమంది. ఎడమకు తిరిగాడు, తడబడకుండా. తాళాలు బాగుచేసేవాడు చేతిలో పని ఆపి చూశాడు.

"ఏమ్మా, ఆయనకి చూపు పోయిందా?"

"లేదన్నా, ఇప్పుడే వస్తోంది" అందామె, నవ్వాపుకుంటూ.

ఇంకొంచెం నడిచాక సీసాలాయన ఆగాడు. "ఇదే మలుపు. కుడిపక్క మెట్లున్న ఇల్లు, దానెదురుగా చెట్టు." కళ్ళు తెరిచాడు.

చెట్టు ఉంది. ఎర్రగా ఉంది. పైకొమ్మల్లో ఎండ దూరి ఒక్కో ఆకూ లోపల దీపం పెట్టినట్టుంది. గాలి తిరిగినప్పుడల్లా ఐదో పదో వదులుకుంటోంది. అవి నిటారుగా పడవు. అటూ ఇటూ ఊగి, ఎక్కడ వాలాలో తేల్చుకోలేనట్టు పడతాయి. కింద దారి కనిపించనంత పరుపు. ఆయన నోరు తెరిచి పైకి చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఆ చెట్టుకింద లెక్కలేనన్ని సార్లు నడిచాడు. అది ఇంత పొడుగుందని కూడా తెలియదు.

కాని పంతం పంతమే. ఒక అడుగు వేశాడు. కరకర. ఇంకోటి. కరకర.

"చెట్టు ఎర్రదే, ఒప్పుకున్నాను. చప్పుడు మాత్రం ఇది కాదు. ఎవరో చప్పుడు మార్చారు."

"చప్పుడు ఎవరు మారుస్తారండీ, మీ చాదస్తం గాని!"

ఆయన కిందికి చూశాడు. పైకి చూశాడు. తర్వాత మెట్ల పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి, దోసిలితో నీళ్ళు తెచ్చి ఆకుల మీద చల్లాడు. మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ చల్లాడు. ఆకులు తడిసి రంగు ముదిరాయి. అప్పుడు దొంగలా ఒక్క కాలు మోపాడు.

చప్.

"అదీ!" అని కేకేశాడు. "ఇదే నా చెట్టు! మంచు! తెల్లారగట్ల మంచు పడుతుంది కదే! నేనెప్పుడూ వీటిని పొడిగా తొక్కలేదు!"

ఆ కేకకు మెట్ల పైన తలుపు తెరుచుకుంది. ఒక పెద్దావిడ బయటికొచ్చి, తన కుళాయి నీళ్ళతో రాలిన ఆకులకు తడిపెడుతున్న మనిషిని ఎగాదిగా చూసింది.

"ఎవరు బాబూ? చెట్టుకి నీళ్ళు పొయ్యాలంటే మొదట్లో పొయ్యాలి, రాలిన ఆకులకి కాదు."

సీసాలాయన చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అమ్మా, ఈ మెట్ల మీద పాలు పెట్టింది నేనే. మీరు ఖాళీ సీసా కడిగి బోర్లించేవారు. ఊళ్ళో అందరూ కడగరు."

ఆవిడ రెండు మెట్లు దిగింది. "నువ్వా నాయనా! నేను పొడుగాటి మనిషివనుకున్నాను!" ఆయన్ని కళ్ళారా చూసి, చెట్టు వైపు చెయ్యి చూపించింది. "ఇదేం చూస్తావు? చెరువుగట్టు కింద వరసగా ఇంకా పచ్చగా ఉన్న చెట్లున్నాయి. వచ్చే వారం అవి రంగు తిరుగుతాయి. అవి చూడాలి. అక్కడికి కొంగలు కూడా దిగుతాయి."

"చెరువుగట్టున గడపలు లేవు కదమ్మా, అది నా వీధుల్లోది కాదు."

"ఇప్పుడు నీకు వీధులేమిటి? అన్నీ నీవే కదా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన కళ్ళు తెరుచుకునే నడిచాడు. ఆమె కొంగును అంటిపెట్టుకున్న పిల్లాడిలా ఒక అడుగు వెనకగా. బట్టీ దాటాక కాజాలావిడే అంది, ఎటో చూస్తూ.

"ఏటా ఈ రోజుల్లో ఆ చెట్టు చూడ్డానికే దుకాణానికి చుట్టుదారిన వెళ్తాను. చూసొచ్చి చెబుదామంటే మీరు నిద్ర. రాత్రి అన్నం దగ్గర చెబుదామనుకుంటాను. అప్పటికి అది చెప్పేంత విషయంలా అనిపించేది కాదు."

సీసాలాయన ఒక అడుగు ముందుకేసి ఆమె పక్కకు వచ్చాడు. నిన్న మిషను ఎందుకు పరుగెత్తిందో ఇప్పుడు అర్థమైంది.

ఆదివారం బావమరిది వచ్చేసరికి ఇద్దరూ పెరట్లో ఉన్నారు. చలి మొదలవబోతోందని బొంతలు తీసి ఎండకు దులుపుతున్నారు. ఒక కొస ఆమె, ఒక కొస ఆయన. దులిపినప్పుడల్లా దుమ్ము ఎండలో లేచి బంగారు రంగు తిరుగుతోంది. సీసాలాయన దులపడం ఆపి మరీ దాన్ని చూస్తున్నాడు. ఆమె "లాగండి!" అని అరుస్తోంది.

"ఏం బావా, రేపటి నుంచేనా?"

"అది సరే గాని బామ్మర్దీ, ఆ గిడ్డంగికి కిటికీలున్నాయా?"

"కిటికీలా! శీతలగిడ్డంగికి కిటికీలేమిటి? ఉంటే సరుకంతా కుళ్ళిపోదూ! అయినా రాత్రిపూట కిటికీతో నీకేం పని?"

"రాత్రి కాపలా కాస్తే పగలు పడుకోవాలి కదా?"

"ఇన్నాళ్ళూ చేసిందదేగా!"

"అందుకే వద్దు" అన్నాడు సీసాలాయన. బొంత కొస ఇంకా చేతిలోనే ఉంది. "ఇంకెవరికైనా ఇప్పించు. నేను చెరువుగట్టు చూడాలి. అక్కడ ఆకులు ఇంకా రంగు తిరగలేదట."

బావమరిది అక్క వైపు తిరిగాడు. "అక్కా, మీ ఆయనకి ఏమైంది? నిద్ర సరిగ్గా పట్టడం లేదా?"

"పట్టడం లేదురా. నిన్న రాత్రి కూడా గిన్నెలు పడేశారు" అంది కాజాలావిడ. ఆమె మొహం ఎండకు ఎదురుగా ఉంది. సీసాలాయన ఈసారి ఆ మొహాన్ని తీరిగ్గా, ఒక్కో గీతా చూశాడు. కోపం లేదు. పెదవి చివర ఏదో ఉంది. అది నవ్వో కాదో ఆయనకింకా రూఢిగా తెలియలేదు గాని, తెలుసుకోవాలనిపించింది.

"ఆకులు చూడ్డానికి ఉద్యోగం వదులుకుంటారా ఎవరైనా!" అని గొణుక్కుంటూ బావమరిది టీ తాగి వెళ్ళిపోయాడు.

బొంతలు తీగ మీద వేశారు. కాజాలావిడ చేతులు దులుపుకుని చెప్పులేసుకుంది. సీసాలాయన వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఎటు తిరిగితే చెరువుగట్టు వస్తుందో తెలియలేదు.

"నడవండి" అందామె.

"నాకేం తెలుసే దారి? నువ్వే ముందు నడు."