సోములమ్మ మింగేసిన మాట

పన్నెండేళ్లు కాపురం చేసి, ఇద్దరు పిల్లల్ని కన్న మొగుడితో మళ్లీ పెళ్లేమిటి? సోములమ్మకు ఒళ్లు మండిపోయింది. మనసైనవాడితో వచ్చేసింది, మొగుడివాళ్లు ఓలి కింద పుట్టింటికి ఆవును తోలించారు, ఊరికి పెద్ద అయిన నాయుడు పెద్దలందరి ముందూ సరే అన్నాడు. పనసపుట్టులో పెళ్లంటే అంతే. అంతకు మించి ఇంకేం కావాలి?

"బాప్తీసం ఇవ్వాలంటే ముందు పెళ్లవ్వాలంట," అన్నాడు సుక్రు, చోళ్ల అంబలి తాగుతూ.

"ఎవులు సెప్పారు?"

"ఆ మిషనమ్మ. సువార్తమ్మ."

"మరి ఇన్నాళ్లూ నేను నీకేటవుతానంట? పక్కింటి మనిషినా?"

సుక్రు గిన్నె ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అతను అలా మొహం దాచుకుంటే సోములమ్మకు అనుమానం రెట్టింపవుతుంది.

అనుమానం ఆమెకు ఉగ్గుపాలతో వచ్చింది. అరకు సంతలో కాఫీ గింజలు తూస్తుంటే తక్కెడ కింద చెయ్యి పెట్టి మరీ చూసే మనిషి. ఇక మొగుణ్ణి అనుమానించడానికి ఆమెకు కారణం వెతుక్కోనక్కర్లేదు. సుక్రు జీలుగు కల్లు గీసేవాడు, గీసినదాంట్లో సగం తనే తాగేవాడు. తొంభై ఏడులో, మగాళ్లు వేటకెళ్లే ఇటుకల పండగ నాడు, అతను విసిరిన రోకలికి ఆమె ఎడమ చెయ్యి విరిగింది. చేతిని గుడ్డతో మెడకు కట్టుకుని, పిల్లలిద్దర్నీ ముందు నడిపించుకుంటూ కొండ దాటి పుట్టింటికి పోయింది.

వాళ్లలో ఆడదానికి ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మొగుడితో పడకపోతే వెళ్లిపోతుంది. పెద్దలు కూర్చుని ఓలి ఆవును వెనక్కి తోలిస్తారు, అక్కడితో సరి. ఆమె తల్లి ముత్యాలమ్మ కూడా అంతే. తల పగలగొట్టిన మొదటి మొగుణ్ణి వదిలేసి, పసిగుడ్డు సోములమ్మను వీపున కట్టుకుని అదే కొండ దాటింది. దాటింది కాబట్టే బతికింది.

మూడు నెలలకు సుక్రు అత్తారింటికి వచ్చాడు. తాగుడు మానేశానన్నాడు, రేకుల షెడ్డులో ప్రార్థనకు వెళ్తున్నానన్నాడు. సోములమ్మ దగ్గరికొచ్చి అతని నోరు వాసన చూసింది. ఏమీ లేదు. సరేనని వెనక్కి వచ్చింది గానీ, ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం వాసన చూడందే గిన్నెలో అంబలి పొయ్యలేదు. అతను గీసే చెట్ల దగ్గరికి రెండుసార్లు దొంగచాటుగా వెళ్లి, కొత్త గాట్లున్నాయేమోనని చూసింది కూడా.

సువార్తమ్మ సంత మర్నాడు వచ్చేది. బస్సు రోడ్డు నుంచి గంటన్నర నడక. నలభై దాటిన మనిషి, తెల్లచీర, భుజాన సంచి. అరుగు మీద కూర్చుని పెళ్లంటే ఏమిటో, బాప్తీసమంటే ఏమిటో ఓపిగ్గా చెప్పేది. సోములమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తూ, ఆమెనే కళ్లార్పకుండా చూసేది. ఇంత ఎండలో ఇంత దూరం ఊరికే వస్తుందా? పెళ్లి పాఠం చెప్పే ఈ మనిషికి మొగుడేడి? ఎడమ కనుబొమ్మను సగానికి చీల్చిన ఆ మచ్చ ఎక్కడిది? అడిగితే, "చిన్నప్పుడు పడ్డానమ్మా," అని చీర కొంగు సర్దుకుంది. సోములమ్మ నమ్మలేదు.

మూడో వారం ప్రమాణం నేర్పడం మొదలైంది. సుఖంలోనూ కష్టంలోనూ, ఉన్నప్పుడూ లేనప్పుడూ, చావు విడదీసేదాకా నీతోనే ఉంటాను. సుక్రు తడబడుతూనే మొత్తం అప్పజెప్పాడు. సోములమ్మ "లేనప్పుడూ" దాకా గడగడా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"చావు విడదీసేదాకా," అని అందించింది సువార్తమ్మ.

సోములమ్మ చింతపండు వైపు తిరిగింది.

మరుసటి వారమూ అంతే. ఆ పై వారమూ అంతే. పాపం సువార్తమ్మ ఆమెకు జ్ఞాపకశక్తి తక్కువనుకుని పదిసార్లు పలికించబోయింది. ఈలోగా పక్కన ఆడుకుంటున్న కూతురు గంగ ఆ ముక్క మొత్తం వల్లించేసింది.

ఆమె వెళ్లగానే సుక్రు విరుచుకుపడ్డాడు. "గుంటకొచ్చింది, నీకు రాదేటి? ఎవుడున్నాడు నీ మనసులో?"

"నా మనసులో నీ రోకలుంది," అంది సోములమ్మ.

సుక్రు లేచి బయటికి పోయాడు.

ఆమె భయం ఒక్కటే. ఇన్నాళ్లూ తనకంటూ ఉన్నది ఆ కొండదారి. పుస్తకంలో వేలిముద్ర వేయించి, దేవుడి ఎదుట ఆ మాట అనిపించి, వీళ్లంతా కలిసి ఆ దారికి కంప కొట్టేస్తే? ఎనిమిది నెలలు మానిన తాగుడు తొమ్మిదో నెలలో రాదని పూచీ ఎవరు?

ఆఖరి పాఠం రోజున సాగనంపే వంకతో ఊరి కింద పారే గెడ్డ దాకా సువార్తమ్మ వెంట నడిచింది.

"అమ్మా, నిన్నొకటి అడుగుతాను, నిజం సెప్పు. ఆ మాటన్నాక ఇతను మళ్లా తాగొచ్చి కొడితే, నేనెల్లిపోవచ్చా?"

సువార్తమ్మ గెడ్డ ఒడ్డున ఆగింది. మళ్లీ చీర కొంగు సర్దుకుంది. ఏదో దాస్తోంది, సోములమ్మకు ఖాయమైపోయింది.

"ఆ మచ్చ పడితే అయింది కాదు," అంది నెమ్మదిగా. "నా సెయ్యి ఇరిగినప్పుడు డాక్టరుకి నేనూ పడ్డాననే సెప్పాను."

సువార్తమ్మ సంచి కింద పెట్టి రాయి మీద కూలబడింది.

"నాలుగుసార్లు పుట్టింటికి వెళ్లానమ్మా. నాలుగుసార్లూ మా నాన్నే వెంటబెట్టుకుని దిగబెట్టి వచ్చాడు, నలుగురూ నవ్వుతారని. నేను కూడా ఆ మాటే అన్నాను కదా, నిలబెట్టుకోవాలనుకున్నాను. తొమ్మిదేళ్లు. చివరికి చావే వచ్చి విడదీసింది, ఆయన్ని తీసుకుపోయి." కళ్లు తుడుచుకుంది. "మా ఊళ్లో దాటడానికి కొండ లేదు."

ఇన్ని వారాలు ఈ మనిషినా దొంగను చూసినట్టు చూశాను, అనుకుంది సోములమ్మ.

"ఆ దారి మూసుకోమని నేను చెప్పను," అంది సువార్తమ్మ లేస్తూ. "కానీ ఆ మాట లేకుండా పాస్టరుగారు పెళ్లి చెయ్యరు. నీకేం కావాలో అతన్నే అడుగు. నలుగురిలో అడుగు."

పెళ్లినాడు షెడ్డు నిండిపోయింది. సోములమ్మ పట్టుబట్టి ఊరి నాయుణ్ణీ, తల్లినీ ముందు వరసలో కూర్చోబెట్టింది. నాయుడు ప్రార్థనవాళ్ల దేవుడికి మొక్కేవాడు కాదు, అయినా తలపాగా చుట్టుకుని వచ్చాడు. సుక్రు తన ప్రమాణం చెప్పాడు. సోములమ్మ "లేనప్పుడూ" దాకా వచ్చి ఆగింది. మైదానం నుంచి వచ్చిన పాస్టరుగారు అందించారు. ఆమె పలకలేదు. మళ్లీ అందించారు.

"ముందు ఇతన్ని ఇంకో మాట సెప్పమను," అంది సోములమ్మ. "నాయుడు ఇనేలాగ."

షెడ్డంతా గుసగుసలు. పాస్టరుగారి ముఖం ఎర్రబడింది. "ఇదేం పద్ధతి?" అంటూ సువార్తమ్మ వైపు చూశారు.

"చెప్పనివ్వండి, పాస్టరుగారూ," అంది సువార్తమ్మ. ఆమె గొంతు అంత గట్టిగా లేవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

సుక్రుకు అర్థమైంది. తల దించుకున్నాడు. కొత్త చొక్కా చెమటకు తడిసిపోయింది. "నా సెయ్యి మళ్లా దీని మీద లేస్తే," అన్నాడు, "ఆ రోజే ఇది కొండ దాటి ఎల్లిపోవచ్చు. ఎనకాల రాను. ఓలి ఆవునడగను. పిల్లల్నీ అడగను." ఆ చివరి ముక్క ఆమె ఆశించింది కాదు.

"ఇన్నాను," అన్నాడు నాయుడు. ముత్యాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అప్పుడు సోములమ్మ నోరు విప్పింది. "చావు విడదీసేదాకా నీతోనే ఉంటాను." ఒక క్షణం ఆగి, "సూద్దాం," అంది. పాస్టరుగారు ఆ చివరి మాట విననట్టే పుస్తకంలో పేజీ తిప్పేశారు.

ఆ వెంటనే గెడ్డలో బాప్తీసం. ముందు సుక్రును నీళ్లలో ముంచి లేపారు. ఊపిరి ఎగబీలుస్తూ, ముఖం మీంచి నీళ్లు కారుతూ ఒడ్డుకు వచ్చాడు. సోములమ్మ ఎదురెళ్లింది. పాస్టరుగారు చూస్తుండగా, ఊరంతా చూస్తుండగా, అతని గడ్డం పట్టుకుని దగ్గరికి లాక్కుని నోరు వాసన చూసింది.

గెడ్డ నీళ్ల వాసన తప్ప మరేం లేదు.

"సరే," అని చీర కుచ్చిళ్లు ఎత్తి కట్టుకుని, సువార్తమ్మ చెయ్యి పట్టుకుని తనూ నీళ్లలోకి దిగింది.