అమ్మ పుట్టింటి పేరు

మా శ్రావ్య చిన్నప్పట్నుంచీ తన వస్తువు ఎవరికీ చూపించేది కాదు. రిబ్బన్లు, గాజులు, ఆఖరికి మార్కుల కాగితం కూడా రేకు పెట్టెలో పెట్టి, తాళం మొలకి కట్టుకునేది. అలాటి పిల్లకి పెళ్లయ్యేక ఏదీ దాచుకోడానికి జాగా లేకపోయింది.

ఇచ్చింది పరాయివాళ్లకి కాదు. మా అన్నయ్య వెంకటరమణమూర్తి కొడుకు శ్యామ్‌కే. బెల్లం మార్కెట్లో వాళ్లకి కమీషను కొట్టు. మేనరికం మా ఇళ్లల్లో మామూలే. పిల్ల అనకాపల్లిలోనే, కళ్లెదురుగా ఉంటుందన్నారు. ఉంది, కమిలిపోయిన మొహంతో.

శ్యామ్ కొట్టు కట్టేసి రాగానే దాని సెల్లు అడిగేవాడు. ఎవరు చేసేరు, ఏటి మాటాడేవు అని. మెసేజీ తుడిపేస్తే, ఎందుకు తుడిపేవని కొట్టేవాడు. అన్నయ్య దగ్గరికెళ్లి ఏడిస్తే, "వాడికి కోపం ఎక్కువమ్మా, ప్రేమా ఎక్కువే" అన్నాడు. వదిన కాఫీ తెచ్చింది.

దానికి మిగిలింది ఒక్క ఈమెయిలు. శనివారం గుడికని నాతో వచ్చి, దారిలో నెట్ సెంటర్లో కూచునేది. వైజాగులో ఉన్న స్నేహితురాలు శాంతికుమారికి రాసేది. ఆ పిల్ల దీనికి అక్కడ ఉద్యోగం, హాస్టల్లో మంచం చూసింది. "పాస్‌వర్డు నాకు తప్ప దేవుడికి కూడా తెలీదమ్మా" అని నవ్వింది. అది నవ్వగా చూసి చాన్నాళ్లయింది అప్పటికి.

వెళ్లాల్సిన రోజు, బస్సు కాంప్లెక్సులో వైజాగు బస్సు పక్కనే శ్యామ్ నించున్నాడు. చేతిలో సోడా.

"తాగవే, ఎండన పడొచ్చేవు" అన్నాడు.

ఆ సాయంత్రం దాని చెయ్యి విరిగింది. మెట్ల మీంచి పడిందని చెప్పేరు. చూడ్డానికి వెళ్తే, శ్యామే నవ్వుకుంటూ చెప్పుకొచ్చేడు. ముందు రోజు కొట్లో కంప్యూటర్లో దాని ఈమెయిలు తెరవబోయి, పాస్‌వర్డు మర్చిపోయేనని నొక్కేడట. అయితే మీ అమ్మ పుట్టింటి పేరు చెప్పమని అడిగిందట కంప్యూటరు.

"మన ఇంటి పేరే కదత్తా! మానేపల్లి అని కొట్టేను, అన్నీ తెరుచుకున్నాయి." దాని వైపు తిరిగి, "ఏటే, నా ఇంటి పేరుతో తాళమేసి నా ఇంట్లోంచే పోదామనే?" అన్నాడు.

అది ఏడవలేదు. "ఆ ఈమెయిలు నువ్వే ఉంచుకో బావా" అంది. అంతటితో దాని పని అయిపోయిందనుకున్నాడు.

చేతికట్టు చూపించడానికి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లేదాన్ని. ఆ కిందనే ఇంకో నెట్ సెంటరు. ఎడం చేత్తో కొత్తది తెరిచింది. ఇకమీదట ఇక్కడికే రాయమని, పాతదానికి మాత్రం పండగ శుభాకాంక్షలు పంపమని శాంతికుమారికి రాసింది. చదువుకునేవాడున్నాడు కదా. ఇక్కడా అదే ప్రశ్న వచ్చింది, అమ్మ పుట్టింటి పేరు.

"ఇక్కడ నిజం రాయకూడదమ్మా."

"మరేటి రాత్తావు?"

"అటు తిరుగు."

గోడ వైపు తిరిగేను. ఒక్కో అక్షరం నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

కట్టు విప్పిన రోజున అట్నుంచి అటే వెళ్లిపోయింది. సెల్లు నా సంచీలో పడేసింది. వైజాగు కాదట. ఏ ఊరో చెప్పలేదు. "నీకు తెలిస్తే మావయ్య నిన్ను ఏడిపించి చెప్పించుకుంటాడమ్మా" అంది.

అన్నయ్య అలాగే ఏడిపించేడు. చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. ఇప్పుడు ఆ ఇంటి గడప నాకు లేదు. శ్యామ్ వచ్చి వీధరుగు మీద కూచుంటాడు.

"కన్నతల్లికి తెలీదంటే ఎవరు నమ్ముతారత్తా?"

"తెలీదు నాయనా."

ఎప్పుడో ఏదో బూత్ నుంచి ఫోను వస్తుంది. ఎక్కడున్నావే అని నోటిదాకా వచ్చినా మింగేసి, "ఏం కూర వండుకున్నావే?" అంటాను.

"వంకాయ" అంటుంది. ఎప్పుడడిగినా వంకాయే.

అది వంకాయ ముట్టదు.