ఒక్కరు వద్దంటే అందరూ వెనక్కే

మామయ్య పోయారు. సోమవారం పొద్దున నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా లహరి తలుపు కొట్టకుండా లోపలికొచ్చి, ఫోన్ నా ముందు పెట్టి నేల మీద కూలబడింది. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో, వాళ్లింట్లోనే, నిద్రలో గుండె ఆగిందట. ఆయన లహరికి మేనమామ. లహరి నా రూమ్మేట్. ఆ వరసలోనే నాకూ, మా స్నేహితుడు శ్రీకర్‌కూ మామయ్య అయ్యారు. ఆ రోజు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. పోయినవాళ్లను నెమ్మదిగా తలుచుకోవాలంటారు. నాకు మాత్రం ఆయనతో సగంలో ఆగిపోయిన గొడవే గుర్తొస్తోంది.

మామయ్య వారమంతా సాఫ్ట్‌వేర్ మనిషి. చలికాలం శనివారాలు మాత్రం టాహో సరస్సు అవతలి మంచుకొండలవి. తీగల లిఫ్ట్‌లో కొండెక్కి మంచు మీద జారే స్కీయింగ్ ఆయనకు పనికిరాదు. స్కీల అడుగున బొచ్చు పట్టీలు అతికించుకుని, వెనక్కి జారకుండా అవి పట్టుకుంటూ ఉంటే, సొంత కాళ్లతో కొండెక్కాలి. పైన పట్టీలు పీకేసి, ఎవరూ తొక్కని మంచులో కిందికి రావాలి. పీకిన పట్టీల జిగురు గడ్డకట్టకుండా జాకెట్ లోపల పొట్టకి ఆనించి పెట్టుకునేవారు. "మీ అత్తయ్య పొట్ట తగ్గించమంటుంది. ఇది సామాను తల్లీ అంటే వినదు" అనేవారు. థర్మాస్‌లో కాఫీ ఉండేది కాదు, మిరియాల చారు ఉండేది. ముందు మాకు పోసి, మిగిలితే తను తాగేవారు.

నేను హైదరాబాద్‌లో ధర్నాల దగ్గర పంచిన కరపత్రాలు చదివి తయారైనదాన్ని. మొదటిసారి ఆయన గరాజ్‌లో అడుగుపెట్టి, ఈ కొండలు ఎవరివి, ఎవరి దగ్గర లాక్కున్నవి, మనం ఖరీదైన బూట్లేసుకుని వాటి మీద ఆడుకోవడమేమిటని మొదలుపెట్టాను. ఆయన అంతా విని, మడతపార ఒకటి నా చేతిలో పెట్టారు.

"నువ్వన్నది నిజమే. మిగతాది కార్‌లో చెబుదువుగాని. ముందు ఇది బ్యాగ్‌లో పెట్టుకో. నేను మంచు కింద పడితే తవ్వేదానివి నువ్వే."

అప్పటి నుంచి నన్ను కరపత్రం అనే పిలిచారు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ వాలులోకైనా దిగేముందు అంచున నిలబడి ఒక్కొక్కరినీ అడగాలి. చిన్నవాళ్లతో మొదలుపెట్టి చివరికి పెద్దవాళ్ల దగ్గరికి రావాలి. ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కే. వద్దన్నవాళ్లను కారణం అడగకూడదు, ముఖం చిట్లించకూడదు. ఇంకోటి, ‘మీ ఇష్టం’ అనే జవాబు చెల్లదు.

ఎందుకంటే ఆయన కొండలకు వెళ్లే కొత్తలో నలుగురు తెలుగు స్నేహితులతో ఇలాగే ఒక అంచున నిలబడ్డారట. దిగుదామా అంటే ఒకాయన మీ ఇష్టం అన్నాడు, రెండో ఆయనా అదే అన్నాడు, అలా అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని దిగారు. వాలు మీది మంచు పలకలా విరిగి కిందికి జారింది. ఒకాయన నడుము దాకా కూరుకుపోయి, కాలు విరిగి, హెలికాప్టర్ వచ్చేదాకా అరుస్తూనే ఉన్నాడట. తర్వాత ఆసుపత్రిలో మాట్లాడుకుంటే తేలిందేమిటంటే, ఆ వాలు దిగాలని వాళ్లలో ఒక్కరికీ లేదు.

"ఐదుగురం మొహమాటానికి చచ్చేవాళ్లం. అక్కడెవడి ఇష్టమూ లేదమ్మా" అన్నారు మామయ్య, కొండకి కార్ నడుపుతూ.

నేను ఊరుకుంటానా? "ముగ్గురు అవునంటే ఒక్కరు ఆపడమేంటి మామయ్యా? చేతులెత్తించండి. మెజారిటీ ఏమంటే అది."

"చేతులెత్తమంటే నా వైపు చూసి ఎత్తుతారు."

"పోనీ కారణమైనా అడగొచ్చుగా?"

"కారణం అడిగితే పరువు కోసం అబద్ధం చెబుతారు, లేదా అసలు వద్దనడమే మానేస్తారు. భయమేస్తోందని మనవాళ్లు నోరు తెరిచి చెప్పడం ఎప్పుడైనా విన్నావా?"

శ్రీకర్ వెనక సీట్లోంచి, "నేను చెప్తా మామయ్యా. నాకు ఈమె లెక్చర్ అంటే భయమైతది" అన్నాడు.

పోయిన చలికాలం చివర్లో నలుగురం వెళ్లాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. పొద్దున మంచుచరియల హెచ్చరిక చూశాం, ప్రమాదం తక్కువని ఉంది. పైన గొయ్యి తవ్వి మంచు పొరలు చూశాం, గట్టిగా ఉన్నాయి. మా ముందు గిన్నెలాంటి పెద్ద లోయ ఉంది. మామయ్య ఎన్నో ఏళ్లుగా దూరం నుంచి చూపించి, ఎప్పటికైనా అందులో దిగుతానని మురిసిపోయిన లోయ. ఆ రోజు ఎక్కేటప్పుడు ఆయన ఎప్పటిలా ముందు లేరు. ఫొటోలు తీస్తున్నానంటూ మా వెనకే వచ్చారు.

అంచున నిలబడి అడిగారు. లహరి "యెస్" అంది. నేను దిగుదామన్నాను. శ్రీకర్ "పక్కా" అన్నాడు. ఇక మామయ్య వంతు. లోయకేసి చూసి అన్నారు.

"నాకు వద్దు."

శ్రీకర్ నోరు వెళ్లబెట్టాడు. "అరె మామయ్యా, గింత మంచిగున్నది కదా స్నో!"

"శ్రీకర్, షట్ అప్" అంది లహరి.

‘ఎందుకు’ అనబోయి ఆపుకున్నాను. ఎందుకని అడగకుండా నేను జీవితంలో ఏ మాటా వినలేదు. ఆ రోజు విన్నాను, పళ్లు కొరుక్కుంటూ. తిరుగుదారి కార్‌లో మాత్రం ఉండబట్టలేదు.

"మామయ్యా, కొండ గురించి కాదు, పద్ధతి గురించి అడుగుతున్నా. అడక్కూడదన్న రూల్ మనుషుల్ని కాపాడుతుందా, దాస్తుందా?"

ఆయన నవ్వారు. "నీ కట్టలో ఇంకా ఉన్నాయన్నమాట కరపత్రాలు." ఆ గొడవ అక్కడే ఆగిపోయింది.

మొన్న అత్తయ్య చెప్పింది. ఆ చలికాలమంతా ఎక్కేటప్పుడు ఆయనకు ఛాతీ పట్టేస్తుండేదట. ఎవరికీ చెప్పలేదు. వేసవిలో ఆఫీసు మెట్ల మీద కూలబడితే గానీ డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు, అప్పటికే గుండె బాగా దెబ్బతిందట. "మీరడిగినా చెప్పేవారు కాదమ్మా" అంది అత్తయ్య నా చెయ్యి పట్టుకుని. ఓదార్పుకే అంది. కానీ నేను ఒప్పుకోను. అడిగితే అబద్ధమే చెప్పేవారేమో, ఆ అబద్ధాన్ని లహరి పట్టుకునేదేమో. ఎవరికి తెలుసు?

ఒక్కటి మాత్రం నాకు తెలుసు. నేను చదివినవాటిలో పద్ధతులు పెట్టిన పెద్దలు చాలామంది ఉన్నారు. తమ కోరికకు అడ్డొచ్చినప్పుడు ఆ పద్ధతికి తామే తలవంచినవాళ్లు తక్కువ. ఫోన్ సిగ్నల్ అందని ఆ లోయ అడుగున తను పడిపోతే ముగ్గురు పిల్లలం ఏమైపోతామో ఆయన ఆలోచించుకున్నారు. ఎన్నో ఏళ్ల ఆశను ఒక్క ముక్కలో వదిలేశారు. ఆ మంచితనమే ఆయన నొప్పిని కూడా దాచేసింది. రెండూ నిజమే, అందుకే నాకు నిద్ర పట్టడం లేదు.

ఈ చలికాలం ముగ్గురం మళ్లీ వెళ్తాం. చాలా పోట్లాడుకుని ఒక మాట అనుకున్నాం. కొండ మీద ఎవరూ కారణం అడగరు. కిందికొచ్చి బూట్లు విప్పాక అడుగుతాం. చెప్పేదాకా కార్ కదలదు.

మామయ్య వద్దన్న ఆ రోజు, ఎక్కిన దారినే, చెట్ల మధ్యగా దిగాం. మామయ్య ముందు వెళ్లేవారు. కొంత దూరం జారి, ఒక చెట్టు పక్కన ఆగి, చేతికర్ర పైకెత్తేవారు. అప్పుడే పైనున్నవాళ్లు ఒక్కొక్కరుగా కదలాలి. మొదట్లో వెంటనే లేచిన కర్ర పోనుపోను ఆలస్యమైంది. నేను కోపంతో చలిలో కాళ్లు కొట్టుకుంటూ చూస్తున్నాను. కింద మంచు మీద మామయ్య రెండు కర్రల మీదా వంగి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఎర్ర జాకెట్ పైకీ కిందికీ కదులుతోంది. లహరి "రావచ్చా మామయ్యా?" అని అరిచింది. ఆయన తల తిప్పలేదు. మేం ముగ్గురం ఆ కర్ర ఎప్పుడు లేస్తుందా అని పైనే నిలబడి ఉన్నాం.