పసుపు రంగు మీద బిగించిన ఎర్త్

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధం, రెండు మూడు మాటలు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. కన్నతండ్రి, నాకు పని నేర్పిన బాపుకు అసలే చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. జాలి పడమని అడగడం లేదు, క్షమించమని అంతకన్నా అడగడం లేదు. ఇక దాచలేను, అంతే.

నేను బండ్ల కరెంటు పని చేస్తాను. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద మా షట్టరు. అది బాపుది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక టెస్ట్ లైటు నా చేతికొచ్చింది. ఆడపిల్ల బండి కింద దూరుతుందా అని బజారంతా నవ్వింది. స్పేర్ పార్టుల దుకాణంలో రిలే అడిగితే, ఎవరు పంపిండ్రు అని అడిగేవాళ్లు. నన్నెవరూ పంపలేదు, నేనే వచ్చాను. పక్క షట్టరతను ఒకసారి ఒక కారు వైరింగంతా కాల్చేశాడు. మర్నాడు కుర్చీ వేసుకుని దర్జాగా చాయ్ తాగాడు. గిరాకీ ఏమీ తగ్గలేదు. అదే నేను కాల్చి ఉంటే? జవాబు నాకప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

అలాంటి రోజుల్లో నా దగ్గరికి మొదట బండి తెచ్చింది మల్లేశన్న. మంచాల మండలం వైపు ఊళ్ల పిల్లలను బడికి తీసుకొచ్చే వ్యాను డ్రైవరు. నాకంటే చాలా పెద్దవాడు, చెల్లె అని పిలిచేవాడు. నా పని చూశాక తోటి డ్రైవర్లకు చెప్పి ఊరుకునేవాడు కాదు, వాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాడు. నా షట్టరు నిలబడిందంటే ఆయన చలవే.

మా దగ్గర ఎండాకాలం చివర బడి బండ్లన్నీ పసుపు రంగు కొట్టించుకుంటాయి. బడి తెరిచేలోపు ఫిట్‌నెస్ తనిఖీకి పోవాలి కదా. పెయింటరు తుప్పునూ, మట్టినీ, బోల్టునూ ఒక్కటే చేసి కొట్టిపారేస్తాడు. రంగు ఆరీ ఆరకముందే బండి నా ముందుకొస్తుంది. లైట్లు, హారన్, ఇండికేటర్లు, అన్నీ నేను చూడాలి. అలా ఒక ఏడాది మల్లేశన్న వ్యానుకు ఎర్త్ వైరు మార్చాను. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు మళ్లీ బ్యాటరీకి చేరేది బండి ఇనుము గుండానే. ఆ ఇనుముకు కలిపే లావు వైరే ఎర్త్. దాన్ని రంగు మీద బిగించకూడదు, రంగు అడ్డుంటే ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. ఇనుము తెల్లగా కనపడేదాకా గీకి అప్పుడు బిగించాలి. బాపు నాకు నేర్పిన మొదటి పాఠమది. ఆ రోజు నేను గీకలేదు. బడి నడిపే సారు ఫోను మీద ఫోను చేస్తున్నాడు, వెనక వేరే బండ్లు ఆగి ఉన్నాయి. బిగించాను, తాళం తిప్పితే ఇంజను లేచింది, పంపేశాను.

ఈ పొరపాటుకు నేను సిగ్గుపడను. పొరపాటు చేయని మెకానిక్‌ను చూపించండి, వచ్చి దండం పెడతాను. నేను చెప్పాలని కూర్చున్నది దీని గురించి కాదు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, బడి వదిలాక, పిల్లలతో పోతున్న ఆ వ్యాను రోడ్డు మలుపులో ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంజను చచ్చింది. హారన్ మోగలేదు, ఇండికేటర్ వెలగలేదు. వెనకొస్తున్న లారీ వ్యాను మూలకు గుద్దింది. ఒక పాపకు చెయ్యి విరిగింది. తర్వాత అతుక్కుంది, పాప బాగానే ఉంది. కానీ ఆ సాయంత్రం జనం మల్లేశన్నను కొట్టారు. ఫోను చూసుకుంటూ నడిపాడన్నారు. బండి దానంతటదే బంద్ అయిందని ఆయన మొత్తుకున్నాడు. ఎవరు నమ్ముతారు? బండిని పక్కకు తోసి తాళం తిప్పితే ఒక్క దెబ్బకు లేచింది మరి. లారీ గుద్దిన అదురుకు ఎర్త్ మళ్లీ ఇనుముకు తగిలిందని అక్కడ ఎవరికి తెలుసు?

మర్నాడు బడి సారు నన్ను పిలిపించాడు. వైరింగులో ఏమైనా ఉందేమో చూసి చెప్పమన్నాడు. బోల్టు విప్పి చూశాను. కింద పసుపు రంగు నల్లగా మాడి పొక్కులు లేచి ఉంది. సారు అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గరుకు కాగితం తీశాను. అప్పుడు గీకాను. ఇనుము తళతళలాడేదాకా గీకి, గట్టిగా బిగించి, లేచి చేతులు తుడుచుకున్నాను.

"వైరింగ్ మంచిగనే ఉన్నది సార్," అన్నాను.

ఎందుకన్నాను? భయపడ్డానా? భయపడ్డాను. కానీ భయం ఒక్కటే కాదు. ఇదిగో, చూడు, మేం ముందే చెప్పలేదా అని ఇకిలించడానికి బజారంతా నోరు తెరుచుకుని కూర్చుంది, వాళ్లకు ఆ సంతోషం ఇవ్వకూడదనే మొండితనం నన్ను పట్టుకుంది, ఆ మొండితనమే లేకపోతే నేను ఆ షట్టరు తీసి ఉండేదాన్నే కాదు. దాన్ని ఇప్పుడు తప్పుపట్టమంటే నా వల్ల కాదు. మరి దానికి మూల్యం నేను కట్టానా? లేదు. మల్లేశన్న చేత కట్టించాను. నా మాట విని బడి సారు ఆయనను పనిలోంచి తీసేశాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన షట్టరు దగ్గరికొచ్చాడు. పెదవి వాచి ఉంది. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"చెల్లె, నువ్వు జూసినవంట గద. నిజంగ ఏం లేదా?"

"ఏం లేదన్నా."

"ఏదన్న వైరు లూజ్ గిట్ల?"

"లేదన్నా. అంతా మంచిగనే ఉన్నది."

తిడతాడనుకున్నాను. అబద్ధమంటాడనుకున్నాను. అలా అంటే ఎదురు తిరగడానికి సిద్ధంగా ఉన్నాను కూడా. ఆయన కాసేపు తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"నువ్వు జూసినంక ఇగ ఉండదులే. మరి నా చెయ్యే తాళం మీదికి పోయి బండి బంద్ జేసిందేమో. పిల్లల లొల్లిల నాకే యాది లేదేమో," అన్నాడు.

ఇదీ నేను చేసింది. పనిలోంచి తీసేయించడం ఒక్కటే కాదు. తన చేత్తో తను నడిపిన బండి గురించి తనకు తెలిసినదాన్ని వదిలేసి, ఆయన నా మాట నమ్మాడు. ఆ రోజు నుంచి ఆయన స్టీరింగ్ పట్టలేదు. తుర్కయాంజాల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఎవరైనా అడిగితే నాదే తప్పంటాడు. అక్కడ ఎవరి కారు మొరాయించినా నా దగ్గరికే పంపుతాడు. మా చెల్లె దగ్గరికి పోండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి అన్నాడని వాళ్లొచ్చి నవ్వుతూ చెబుతారు. నేను బానెట్ ఎత్తి తల లోపలికి పెట్టేస్తాను.

ఆయనకే చెప్పొచ్చుగా అంటారా? చెబితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. పోనీ తియ్ చెల్లె అంటాడు. చాయ్ తెప్పిస్తాడు. ఆ చాయ్ నా గొంతు దిగదు. తిట్టేవాడైతే ఎప్పుడో పోయి చెప్పేదాన్ని.

నన్ను చూసి నవ్విన బజారుకు మాత్రం నేను తల వంచను. ఆ షట్టరు నాది, ఇప్పటికీ రోజూ తీస్తున్నాను, రేపూ తీస్తాను. మీరు చదివి ఛీ అనుకుంటే అనుకోండి. ఇది రాస్తుంటే నాకు ఊపిరి ఆడుతోంది. దీనివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదని తెలిసినా ఆడుతోంది. అందుకే ఆ రోజు అనాల్సిన మాట ఇప్పుడు అంటున్నాను.

మల్లేశన్న చెయ్యి తాళం మీదికి పోలేదు. బండిని ఆపింది నేను బిగించిన బోల్టు. గడప దగ్గర నిలబడి ఆయన అడిగినప్పుడే ఆ సంగతి నాకు తెలుసు.