చినమావగారి రెండు కుర్చీలు

మా చినమావగారు బుచ్చిరాజుగారికి ఒక్కటే పిచ్చి. పడగ్గది కనిపిస్తే చాలు, అందులో కిటికీ పక్కన రెండు కుర్చీలూ ఓ టీపాయీ వెయ్యనిదే ఆయనకి ముద్ద దిగదు. సొంత పడగ్గదే కానక్కర్లేదు. శుభలేఖ ఇవ్వడానికి ఆలమూరు వెళ్లినా సరే, కార్డు చేతిలో పెట్టిన మరుక్షణం "మీ పడగ్గది ఎటండీ?" అంటారు. పాపం, ఎండన పడి వచ్చాడు, కాసేపు నడుం వాలుస్తాడు కాబోలనుకుని వాళ్లు లోపలికి తీసుకెళ్తారు. అరగంట తర్వాత చూస్తే బీరువా ఒక చోట, మంచం ఒక చోట, ఇంటాయన చెమటలు కక్కుతూ ఇంకో చోట.

ఈ పిచ్చి కువైట్‌లో పట్టుకుంది. పద్దెనిమిదేళ్లు ఆయన అక్కడో పెద్ద హోటల్లో గదులు సర్దారు. అక్కడ ప్రతి పడగ్గదిలోనూ, మంచానికి ఎడంగా, కూర్చుని కబుర్లాడుకునే మూల ఒకటి ఉంటుందట. అందరూ గల్ఫ్ నుంచి బంగారం, సెంటు సీసాలు తెచ్చుకుంటే ఈయన ఆ మూలని తెచ్చుకున్నారు. నేను ఈ ఇంటికి కాపరానికొచ్చిన ఏడాదే ఆయనా వచ్చేశారు. కొత్తకోడలి సారె కన్నా ఆ మూల గురించే ఊళ్లో ఎక్కువ చెప్పుకున్నారు.

దానికో శాస్త్రం కూడా ఉంది.

"ఎదురెదురుగా వేస్తే పంచాయితీ అమ్మా. పక్కపక్కన వేస్తే రాజోలు బస్సు. ఇదిగో, ఇలా కాస్త ఓరగా వెయ్యాలి. మోకాళ్లు తగలకూడదు, మొహాలు కనపడాలి. అప్పుడు కబుర్లు వాటంతటవే వస్తాయి."

అంతా బాగానే ఉంది గానీ, కుర్చీలెక్కడివి? హాల్లోవే. మా ఇంట్లో మూడు పడగ్గదులు, హాల్లో ఆరు కుర్చీలు. లెక్క చక్కగా సరిపోయింది. హాల్లో మా మావగారు రామ్మూర్తిగారి పడక్కుర్చీ ఒక్కటే మిగిలింది. కొబ్బరికాయల బేరానికొచ్చిన సత్తియ్యగారు చుట్టూ చూసి బిక్కమొహం వేశారు.

"కుర్చీలేవండీ?"

"ఆయ్, పడగ్గదుల్లో ఉన్నాయండి" అన్నారు చినమావగారు, పిల్లలు బళ్లో ఉన్నారన్నంత మామూలుగా.

పాపం సత్తియ్యగారు కాళ్లు పీకేదాకా నిలబడి, మావగారు చెప్పిన ధరకే ఒప్పుకుని వెళ్లిపోయారు.

"చోద్యం కాకపోతే, మంచముండగా పడగ్గదిలో కుర్చీలేంటి!" అని మా అత్తగారు వీరాయమ్మగారు రోజుకోసారి బుగ్గలు నొక్కుకునేవారు. ఇంకో వింత. ఆయన మేనల్లుడు నాగసతీష్ అమలాపురంలో గది తీసుకుని, "మావయ్యా, నాకూ ఓ మూల సర్దిపెట్టవా?" అని బతిమాలితే, "నీకెందుకురా? ఊళ్లో అరుగులన్నీ నీవేగా!" అని కసిరేశారు. అడగనివాళ్లకి సర్ది, అడిగినవాణ్ణి కసరడమేమిటో మాకర్థం కాలేదు.

ఇంతలో నాకు ఏడో నెల వచ్చింది. కాళ్లు బూరెల్లా పొంగాయి. కిందకి వేలాడేయకుండా ఎత్తు మీద పెట్టుకుని కూర్చోమంది డాక్టరమ్మ. ఎక్కడ కూర్చోను? మా ఇంట్లో ఎవర్నీ ఎవరూ కూర్చోవద్దనరు. మావగారు దేవుడులాంటి మనిషి. కానీ ఆయన హాల్లో ఉండగా ఆడవాళ్లు కుర్చీ ఎక్కరు, అంతే. ఆయనేమో పొద్దున్న పేపరు దగ్గర్నుంచి రాత్రి వార్తల దాకా హాల్లోనే. పోనీ మంచమెక్కుదామా అంటే "పట్టపగలు మంచమెక్కింది" అన్న మాట నాకంటే ముందు మా పుట్టింటికి చేరుతుంది. పీట మీద కూర్చుంటే లేవదీయడానికి ఇద్దరు కావాలి.

అలా నాకు మిగిలింది మా పడగ్గదిలో చినమావగారు సర్దిన మూల ఒక్కటే. టీపాయి మీద కాళ్లు పెట్టుకుని నేను ఒక కుర్చీలో, రెండోదాంట్లో చినత్తగారు వీరవేణిగారు. చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

అది మూణ్ణాళ్ల ముచ్చటే అయ్యేలా ఉంది. నన్ను చూడ్డానికొచ్చిన మా నాన్నగారు హాల్లో చోటు లేక బియ్యం బస్తా మీద కూర్చున్నారు. ఆయన అటు వెళ్లగానే మావగారు ఇటు లేచారు.

"వియ్యంకుణ్ణి బస్తా మీద కూర్చోబెట్టేం! ఒరే బుచ్చీ, ఆరు కుర్చీలూ ఇప్పుడే హాల్లో ఉండాలి. మళ్లీ కదిపేవంటే ఊరుకోను!"

అన్నగారి మాటకి ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి చినమావగారు. గబగబా నాలుగు కుర్చీలు తెచ్చి వేశారు. ఆగిపోయారు.

"మిగతా రెండూ?"

"అవి రావు అన్నయ్యా."

"రావేంటి? కాళ్లు లేవా?"

"వాటికి నాలుగేసి ఉన్నాయి. ఆ పిల్లకున్న రెండూ వాచిపోయేయి."

చినమావగారు అక్కడితో ఆగలేదు.

"పద్దెనిమిదేళ్లు ఎవరెవరికో కుర్చీలు వేసేను అన్నయ్యా. సెలవుకొచ్చి మా వీరవేణితో మాట్లాడదామంటే గుమ్మం పట్టుకుని నిలబడేది. హాల్లో నువ్వు, మంచమెక్కితే వదిన! నిన్ను లెమ్మనకుండా, వదినచేత మాటనిపించుకోకుండా వీళ్లు కూర్చోడానికి చోటేదా అని వెతికితే, ఈ మూల దొరికింది. దాన్ని మాత్రం తీయమనకు."

నేను గోడవతల నుంచి వింటున్నాను. ఆయన సర్దిన పడగ్గదులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆలమూరు, కొత్తపేట, పక్కవీధి దుర్గా వాళ్లిల్లు. అన్నీ కొత్తకోడళ్లున్న ఇళ్లే! సతీష్‌కి పడ్డ తిట్లెందుకో కూడా తెలిసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మావగారు పేపర్లో చదివేసిన పేజీయే మళ్లీ చదవడం మొదలుపెట్టారు. కానీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న మా అత్తగారు చేతిలో చేట కింద పెట్టి, సరాసరి నా గదిలోకొచ్చి ఓరగా వేసిన కుర్చీలో కూలబడ్డారు.

"ఏదీ, ఇందులో ఏముందో నేనూ చూస్తాను" అన్నారు.

కాఫీల వేళ దాకా లేవలేదు. చినత్తగారు కిటికీ గట్టెక్కారు. అత్తగారు తన పెళ్లినాటి కబుర్లు ఎత్తుకున్నారు. మావగారు పెళ్లిపీటల మీద కునుకు తీశారని చెప్పేసరికి ముగ్గురం పగలబడి నవ్వాం.

అవతల హాల్లో నాలుగు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కరే ఎంతసేపు కూర్చోగలరు? కాసేపటికి మావగారు వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. మేం లేవబోతే అత్తగారు "కూర్చోండే" అన్నారు.

"ఏంటే అంత నవ్వుతున్నారు? నాకూ చెప్పొచ్చుగా" అన్నారు మావగారు.

"అక్కడ నిలబడే వినండి. నాకైతే నలభై ఏళ్లకి అలవాటైంది" అన్నారు అత్తగారు.

ఈలోగా చినమావగారు హాల్లోంచి ఓ కుర్చీ ఎత్తుకొచ్చి అన్నగారి కోసం గుమ్మానికి బయట వేశారు. రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, మళ్లీ ముందుకొచ్చి దాన్ని కాస్త ఓరగా తిప్పారు.