తినే చెయ్యి వైపు

కుడి, ఎడమ అనే మాటలు మా ఆయన కారులో వినపడేవి కావు. "తినే చెయ్యి వైపు తిప్పు" అంటే కుడికి, "రెండో చెయ్యి" అంటే ఎడమకి. కంగారులో కుడిఎడమలు మర్చిపోవచ్చు గానీ అన్నం తినే చెయ్యిని ఎవరు మర్చిపోతారని ఆయన వాదన.

కెనడాలోని సార్నియాలో కెమికల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు కేశవరావు గారు. అప్పుడే కాలేజీకి మన పిల్లలు గుంపులుగా దిగుతున్నారు. బస్సులు అంతంతమాత్రం. కారు నడపడం రాకపోతే చేతికొచ్చిన ఉద్యోగానికీ వెళ్ళలేరు. ఈయన ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు తెచ్చుకుని, పక్క సీటు దగ్గర ఇంకో బ్రేకు పెట్టించిన తెల్ల కారు తీసుకున్నారు.

ఆనాటినుంచి మా ఇంట్లో టిఫిన్ కూడా ట్రాఫిక్కే. పళ్ళెంలో నాలుగు వైపులా నాలుగు ఇడ్లీలు పెట్టి, అన్నివైపుల కార్లూ ఆగి వంతులవారీగా కదలాల్సిన ఫోర్‌వే స్టాప్ కూడలి గురించి చెప్పేవారు. "ముందొచ్చినవాడు ముందు పోవాలి. 'మీరు కానివ్వండి, మీరు కానివ్వండి' అనుకోడానికి ఇదేం పెళ్ళిపంక్తి కాదురా!" రూలు తప్పిన ఇడ్లీని ఆయనే తినేసేవారు.

2019 చలికాలంలో వచ్చింది రిషిత. కరీంనగర్ పిల్ల. ఊరి బయట వృద్ధాశ్రమంలో ఉద్యోగమిచ్చారు గానీ, మార్చి ఒకటికల్లా లైసెన్సు చూపించమన్నారు. మామూలుగా బాగానే నడిపేది. రోడ్ టెస్ట్‌లో మాత్రం రెండుసార్లూ ఎగ్జామినర్ రైట్ అంటే, కుడి లేన్‌లోంచి ఎడమకి కోసేసింది. ఫిబ్రవరి చివర్లో మూడో టెస్టు. అది పోతే ఉద్యోగం పోయినట్టే.

"ఫెయిలయింది ఆ పిల్ల కాదు పద్మినీ, నేను" అని మథనపడ్డారాయన.

ఓ ఆదివారం భోజనానికి పిలిచాం. పులిహోర వడ్డించి, అప్పడాలు తెద్దామని లోపలికెళ్ళి వచ్చేసరికి రిషిత ఎడంచేత్తో తింటోంది. నన్ను చూసి గబుక్కున చెయ్యి మార్చేసింది.

"ఎడంచేతివాటమా అమ్మా?"

"చిన్నప్పుడు మా నానమ్మ ఆ చేతికి గుడ్డ కట్టేది ఆంటీ. అందరి ముందర కుడి. ఒక్కదాన్నే ఉంటే ఇది. భయమైతే కూడా ఇదే ముందుకొస్తది."

"మరి నాకు చెప్పవేమే!" అన్నారాయన.

"మీరు తినే చెయ్యి అన్నరు అంకుల్. ఏది అని అడగలే."

ఆయన పడీపడీ నవ్వారు. మర్నాటినుంచి వారం రోజులు ఆయనా ఎడంచేత్తోనే తిన్నారు, ఆ పిల్ల బుర్రలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలిట. ఉప్మా ఎలాగో నోటికందింది. పప్పుచారు మాత్రం చొక్కాలే తాగాయి.

వారం చివర్లో కారులోంచి దిగుతూనే కేకేశారు. "చేతులెందుకే పద్మినీ! పక్కన నేనున్నాగా!" ఇక్కడ డ్రైవరు ఎడమవైపు కూర్చుంటారు. కుడికి తిరగాలంటే 'నా వైపు', ఎడమకైతే 'కిటికీ వైపు'. టెస్టులో ఎగ్జామినర్ కూర్చునేదీ ఆ పక్క సీట్లోనే.

మూడోసారి రిషిత పాసయింది. కాగితమిస్తూ ఎగ్జామినరమ్మ అడిగిందట, కుడికి తిరిగినప్పుడల్లా ఏం గొణుక్కుంటున్నావని. ఇది "అంకుల్ వైపు, అంకుల్ వైపు" అనుకుంటూ నడిపిందిట!

నాలుగేళ్ళ తర్వాత వేసవిలో ఆయన పోయారు. నాకు డ్రైవింగ్ రాదు. ఆయనుండగా ఎందుకనుకున్నాను. కారు గరాజ్‌లో ఉండిపోయింది. రిషితేమో అప్పటికే, కొత్తగా వచ్చిన పిల్లలకి సెలవురోజుల్లో నేర్పుతోంది, ఇడ్లీలతో సహా. నా చేత రాతపరీక్ష పాస్ చేయించి, ఓ శనివారం పొద్దున తాళాలు పట్టుకుని నిలబడింది.

"మీరు ఏ చేత్తో తింటరు ఆంటీ?"

"కుడిచేత్తోనే."

"అయితే మీకు పాత సిలబస్ చాలు."

"వద్దులే, నాకూ కొత్తదే చెప్పు."

ఆయన సీట్లో కూర్చుని, ఆయన బ్రేకు మీద కాలు పెట్టుకుంది. వీధి చివరికి చేరేలోగా నాలుగుసార్లు నొక్కింది కూడా. మలుపొచ్చింది. నేను నింపాదిగా కిటికీ వైపు పోతున్నాను.

"నా వైపు ఆంటీ! నా వైపు!"

తిప్పాను.