అరువు పేరుతో కేక వేసిన పడవ

మా పెద్దక్కయ్యను రేవులో అందరూ గాభరా అక్కయ్య అనేవారు. మబ్బు కనిపించకముందే గొడుగు తెరిచే మనిషి. ఆవిడ పొయ్యి మీద పెడితే పాలు కూడా హడలిపోయి ముందే పొంగేవి. ఈ మాట నేను ఇంట్లో ఎప్పుడు చెప్పినా ఎవరూ నమ్మలేదు. తక్కినదైనా నమ్మండి.

బావ వేరే దేశంలో కొన్నాళ్ళు పనిచేసి, అక్కయ్యతో ఈ రేవుకు వచ్చి చిన్న పడవ కొన్నాడు. ఒడ్డుకు దూరంగా లంగరు వేసిన ఓడలకు కూరగాయలు, మంచినీళ్ళ డ్రమ్ములు, సబ్బులు చేరవేసేవాడు. పడవ పేరు నీటిపిట్ట. నేనూ వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ముందుగది నిండా ఉల్లిపాయల బస్తాలు. వాటి మధ్య నుంచి పక్కకు తిరిగి నడిస్తేనే వంటిల్లు.

బావకు ప్రాణం ఆ దేశంలో కొన్న పడవ రేడియో. మహారాణి అనే పడవను నీళ్ళలోంచి తీసేస్తూ దాని యజమానురాలు ఆ రేడియోను అమ్మేసిందట. అంత చవగ్గా అంత మంచి రేడియో ఎక్కడా దొరకదనేవాడు. సముద్రం అవతల ఎవరైనా తుమ్మితే మా వంటింట్లోంచి "చిరంజీవ" అనేవాళ్ళం, అంత స్పష్టంగా వినపడేది.

చిక్కల్లా లైసెన్సుతోనే. ఇక్కడ పడవలో రేడియో వాడాలంటే అది ఈ దేశం ఒప్పుకున్న రకం కావాలి, పడవ పేరు మీద లైసెన్సు ఉండాలి, మాట్లాడేవాడు పరీక్ష పాసవ్వాలి. అక్కయ్య రోజూ పోరేది.

"ఏవండీ, ఆ రేడియో సంగతి రేవు ఆఫీసులో అడక్కూడదూ? పట్టుకుంటే పడవ లాక్కుంటారు. పడవ పోతే మన గతేంటి?"

"లైసెన్సు లేదని ఎవరన్నారే? మహారాణికి అక్కడ శుభ్రంగా లైసెన్సు ఉంది. రేడియో లోపల దాని నంబరే ఉంది. నేను మాట్లాడేటప్పుడు మహారాణి అనే చెప్తున్నా. నంబరుకి పేరు సరిపోయింది. ఇంకేం కావాలి?"

"మరి పడవ?"

"పడవ మాట్లాడుతుందా? రేడియో మాట్లాడుతుంది."

 రేవు ఆఫీసువాళ్ళ తెల్ల యూనిఫాం గట్టు మీద కనబడితే చాలు, అక్కయ్య సంచీ వెతుక్కునేది. బావ పడవ దిగగానే రేడియోను సంచీలో పెట్టి, దాని మీద ఉల్లిపాయలు పోసేది. ఒకసారి తనిఖీ అధికారి ఆ సంచీ దగ్గరే ఆగి, "అమ్మా, ఉల్లిపాయలెంత?" అన్నాడు. "ఇవి కుళ్ళినవండీ" అంది. సరిగ్గా అప్పుడే కుళ్ళిన ఉల్లిపాయలు గరగరమన్నాయి. ఆయన చెవి గోక్కుని వెళ్ళిపోయాడు. అక్కయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

తర్వాత ఒక ఉదయం బావ ఒక్కడే సరుకుతో బయల్దేరాడు. ఆయన రేవు దాటాక పొగమంచు దిగింది. గట్టు మీద నిలబడితే మన చెయ్యి మనకు కనబడలేదు. అక్కయ్య తలుపు దగ్గర నిలబడి మంచుకేసే చూస్తోంది. తాళ్ళకొట్టు ముసలాయన ఎదురుగా వచ్చి నవ్వుతూ అన్నాడు.

"విన్నావా అమ్మాయ్? ఎవడో ఆకతాయి వెధవ. రేడియోలో ఆపదకని ఉండే ఎర్ర మీట నొక్కి, మహారాణి ఇంజను ఆగిపోయింది, కాపాడమని ఒకటే గోల. ఆఫీసువాళ్ళు ఆ మీట పంపిన నంబరు పట్టుకుని ఆ పడవ ఆవిడకి ఫోన్ చేశారట. ఆవిడేమో, మా పడవ పెరట్లో ఉంది, అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి అందట!"



"వెతకడానికి వెళ్ళారా బాబాయ్?"

"కోళ్ళని వెతకడానికెవరెళ్తారమ్మా?"

అక్కయ్య చెప్పులు కూడా వేసుకోలేదు. నేను వెనకాల పరుగెత్తాను. దారి పొడుగునా ఆవిడ నాతో కాదు, తనతోనే మాట్లాడుకుంటోంది. "చెప్తే పడవ పోతుంది. పోనీ. పోతే పోనీ." రేవు ఆఫీసు మెట్ల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది. ఇన్నాళ్ళు ఎవరి కంట పడకూడదని ఉల్లిపాయలు కప్పిందో ఆ మనుషులే లోపల ఉన్నారు.

రేడియో ముందు కూర్చున్నది ఆ తనిఖీ అధికారే.

"అయ్యా, ఆ మహారాణి మా ఆయనే! పడవ నీటిపిట్ట. రేడియో మాత్రం మహారాణిది. లైసెన్సు లేదు. తప్పే. మీరు పడవ తీసుకోండి, మనిషినివ్వండి!"

ఆయన చప్పున లేచాడు. "ఎటు వెళ్ళాడు?"

"నీలం ఓడకి కూరలు తీసుకెళ్ళాడు."

"ఆ ఓడ దగ్గర ఇంజను ఆగితే నేరుగా పెద్ద ఓడల దారిలోకి కొట్టుకొస్తాడు" అంటూనే ఆయన లాంచీని పంపించాడు, ఆ దారిలో వస్తున్న ఓడలను ఆగమన్నాడు. తర్వాత రేడియోలో మహారాణిని పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. గరగర తప్ప ఏమీ లేదు.

"ఇందాక ఎగతాళి చెయ్యొద్దని గట్టిగా కసిరాను. భయపడి పలకడం లేదేమో" అన్నాడు మెల్లగా. తర్వాత మైకు అక్కయ్య ముందు పెట్టాడు. "నేను పక్కనుండగా మీరు మాట్లాడితే తప్పు లేదు."

అక్కయ్య మైకును రెండు చేతులా పట్టుకుంది. "ఏవండీ..." అంది. 



"ఏమే! ఆఫీసులోకెందుకెళ్ళావ్? పట్టుకుంటారు!" అంది రేడియో.

"పట్టుకున్నారు లెండి! లాంచీ వస్తోంది, ఏదైనా చప్పుడు చెయ్యండి!"

బావ స్పానరుతో నీళ్ళడ్రమ్మును వాయించడం మొదలుపెట్టాడు. ఆ మోతకు చేపలు చెవులు మూసుకున్నాయంటాను నేను. లాంచీవాళ్ళకు మాత్రం అదే దారి చూపింది. తాడు కట్టి లాక్కొచ్చేదాకా అక్కయ్య మైకు వదల్లేదు.

గట్టెక్కాక బావ తలొంచుకుని నిలబడ్డాడు. అధికారి అన్నాడు: "ప్రాణం మీదికొచ్చినప్పుడు ఏ రేడియో వాడినా ఎవరూ తప్పుపట్టరు. నేనడిగేది మిగతా రోజుల సంగతి."

మిగతా రోజుల సంగతికి పడవను గొలుసుతో కట్టేశారు, జరిమానా వేశారు. రేడియో ఈ దేశం ఒప్పుకున్న రకమే అని తేలింది. ముందే అడిగి ఉంటే అప్పుడే తేలేది. లోపలి నంబరు చెరిపి నీటిపిట్ట నంబరు వేయించారు. బావ పరీక్ష రెండోసారికి గట్టెక్కాక లైసెన్సు ఇచ్చి గొలుసు విప్పారు.

లైసెన్సుతో మొదటిరోజు బావ సముద్రంలోంచి పిలిచాడు. "మహా..." అని నాలిక్కరుచుకుని, "నీటిపిట్ట" అన్నాడు. ఆఫీసు బదులు పలికింది. ఇంట్లో, వినడానికి మాత్రమే కొన్న చిన్న రేడియో పెట్టుకుని ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్న అక్కయ్య లేచి చెప్పులు వేసుకుంది.

"ఇప్పుడెక్కడికక్కయ్యా?" అన్నాను.

"ఆఫీసుకేరా. రేపెప్పుడైనా ఆవిడ కోళ్ళని దింపేసి మహారాణిని నీళ్ళలో వేస్తే? నిజంగా ఆపదొచ్చి పిలిస్తే? మళ్ళీ మీ బావే అనుకుని నవ్వుకుంటారు. ఎవరు పిలిచినా వెళ్ళమని చెప్పొస్తా."